కింది వాటికి ఒక్క మాట రాయండి

రాజాం మిల్లులో చిట్టా రాసేదాన్ని.
చిట్టా కింద దాచి, ఇంగ్లీషు మాటలు.
బ్యాంకు పరీక్షకి నలభై రోజులు.
పుస్తకంలో ఆ పేజీ నిండా ఊక దుమ్ము:
బ్లాబర్, ప్రాటిల్, డ్రివెల్, ట్వాడిల్, బ్లెదర్...
ఉత్త వాగుడుకే ఇన్ని మాటలా!
దొరలు పొదుపుగా మాట్లాడతారనుకున్నాను గానీ
వాళ్ళకీ మేనత్తలుండే ఉంటారు.

బట్టీకి నాకో పద్ధతి ఉంది,
మాట పక్కన మనిషి పేరు రాసుకోవడం.
ప్రాటిల్ అంటే మా అక్క మూడేళ్ళ కొడుకు.
డ్రివెల్ అంటే, చొంగ అని కూడా అర్థముందిట,
మైకు దొరికిన మా వార్డు మెంబరు.
మిగతా వాటన్నిటికీ కలిపి ఒకే పేరు:
తవుడు.

కాటా దగ్గర తవుడు.
ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని
గుప్పెడు తవుడుకి అమ్మి, మళ్ళీ కొనుక్కున్న బిడ్డ.
ఊకదంపుడుకి తగ్గ పేరని మిల్లంతా నవ్వేది.
నేనూ.

బస్తా కాటా మీద పడగానే మొదలు:
"ఇనుకో గుంటా, మొన్న నాను సంతకవిటి ఎల్నాను గదా,
బస్సు నేదు, ఆటో ఎక్కినాను,
ఆటోవోడు మా తోడల్లుడికి ఏలిడిసిన మేనమావ,
ఆడి మేక ఈనినాది, రెండు పిల్లలు, ఒకటి నల్లది..."
మేకపిల్లకి పేరు పెట్టి,
మడ్డువలస కాలవకి నీళ్ళెప్పుడొదిలారో చెప్పి,
వంగర దాకా పోయి, రేగిడి మీదుగా తిరిగొచ్చి,
"...అదీ గుంటా. బెల్లం కొట్టోడి కాటా అబద్దమాడినాది.
రెండు కేజీలు."
అప్పటికి పదకొండు బస్తాలు దాటేవి.
"సోది ఆపరా" అనేవాడు లోపల్నుంచి షావుకారు.
ఆపేవాడు. ఒక్క బస్తా సేపు.

మర్నాడు ఇంకో కథ. చేపలకెళ్ళాడు, పెళ్ళికెళ్ళాడు.
ఎక్కడెక్కడో తిరిగి ప్రతి కథా
ఏదో ఒక కాటా పక్కన కూలబడేది.
రెండు. ఎప్పుడూ రెండే.

సర్కమ్‌లొక్యూషన్.
నోరు తిరక్క ఆ మాట దగ్గర వారం ఆగిపోయాను.
సూటిగా అనకుండా చుట్టూ తిరగడం, అని రాసుంది.
ఎందుకు తిరుగుతారో రాయలేదు.
తవుడు పేరు రాయబోయి
నా పెన్ను ఆగింది.

అందరూ అన్నాలకి పోయాక
నేను కాటా ఎక్కాను.
నిన్న ఆస్పత్రిలో నలభై తొమ్మిది నేను.
ఇక్కడ నలభై ఏడు.

చిట్టా తిరగేశాను. గుండ్రంగా, కొట్టివేతల్లేకుండా
అంతా నా చేతిరాతే.
వెంపలి అప్పలసూరి, ఇరవై ఆరు బస్తాలు.
గెడ్డాపు సీతాలు, తొమ్మిది.
నెమ్ముకింత, తరుగుకింత.
ముందే తరిగిన దానికి మళ్ళీ తరుగు.
అప్పుడు గుర్తొచ్చింది:
కొందరు రైతులు మేక కథ చివరిదాకా విని
మిగతా బస్తాలు దింపకుండా
బండి పాలకొండ వైపు తిప్పేవాళ్ళు.

సాయంత్రం అడిగాను, సూటిగా చెప్పొచ్చు కదా అని.
తవుడు బీడీ ఆర్పి చెవి మీద దోపుకున్నాడు.
"సూటిగా సెప్తే ఒక్కరోజు మాట గుంటా.
మర్నాడు నానుండను."
తర్వాత రెండో మేకపిల్ల తెల్లదని మొదలెట్టాడు.

ఇంకో ఇరవై రోజులు అదే చిట్టా రాశాను.
అది కూడా చెప్పాలి.

పరీక్షలో వచ్చింది:
అతిగా, అనవసరంగా మాట్లాడేవాడు. ఒక్క మాట.
నాలుగింట్లో సరైనదే నొక్కాను. మార్కు పడింది.

ఇప్పుడు బొబ్బిలి బ్రాంచిలో కౌంటరు నాది.
పాసుబుక్కు పట్టుకుని ఒక ముసలాయన
"ఇను తల్లీ, మొన్న నాను ఆటో ఎక్కినాను గదా" అంటున్నాడు.
వెనక లైను గొణుగుతోంది.
మేనేజరు గడియారం చూస్తున్నాడు.
ఆయనింకా ఆటో దిగలేదు.
దిగనీ.